కొండాపూర్ బకెట్లలో గోదారొడ్డు పొగాకు



పోస్టు పెద్దది. నెల రోజులుగా ముక్కలు ముక్కలుగా ఫోన్లో రాసుకున్నది ఇవాళ ఒక్కచోట పెడుతున్నా. ఓపికగా చదవండి. ముందే ఒక మాట, ఇది పొగాకు తాగమని చెప్పే పోస్టు కాదు. ఎందుకు కాదో చదివితే మీకే తెలుస్తది.

నాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, దుమ్ముగూడెం మండలం. కోయ పిల్లగాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ గేటు దాటింది నేనే మొదలు. ఇక్కడ గచ్చిబౌలి దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా. చరిత్ర నా సబ్జెక్టుల్లో ఒకటి. పోయిన సెమిస్టర్లో మా మేడం ఒక ప్రాజెక్టు ఇచ్చారు: మీ ఊరి పంట ఒకటి తీసుకుని దాని చరిత్ర రాయండి అని. నల్లగొండ పిల్లలు బత్తాయి తీసుకున్నరు, వరంగల్ పిల్లలు మిర్చి తీసుకున్నరు. నాకు మాత్రం మా తాత పెరడు గుర్తొచ్చింది. గుడిసె వెనక దడి కట్టి పెంచే పదిహేను ఇరవై పొగాకు మొక్కలు. వాటికంటే ముందు నా కళ్ళు చూసిన పంట ఇంకోటి లేదు.

లైబ్రరీకి పోయి వెతికిన. పొగాకు అంటే చాలు, గుంటూరు దొరికింది, వర్జీనియా దొరికింది, కంపెనీలు దొరికినయి. మా పెరడు ఎక్కడా దొరకలేదు. అమ్మకానికి పోని పంటకు రసీదు ఉండదు, రసీదు లేనిదానికి పుస్తకం ఉండదు అని అప్పుడు అర్థమైంది. మరి ఈ చరిత్ర ఎవర్ని అడగాలె? మా తాతనే అడగాలె. అడిగే టైముకి మా తాత హైదరాబాద్‌లోనే ఉన్నడు. నాలుక మీద పుండుతో.

పుట్టిల్లు వేరే ఖండం

ముందు పుస్తకాల్లో దొరికింది చెప్తా, ఎందుకంటే అది కూడా మనకు కావాల్సిందే.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండాల మొక్క. అక్కడి ఆదివాసులు వేల ఏళ్ళుగా పెంచుకున్నరు. 1492లో కొలంబస్ ఓడ దిగినప్పుడు అక్కడి మనుషులు ఇచ్చిన కానుకల్లో ఎండిన ఆకులు కూడా ఉన్నయి. అవి ఏమిటో అతనికి ముందు తెలియనే లేదు. అక్కడ చాలా తెగలకు పొగాకు అంటే రోజూ పీల్చే సరుకు కాదు. దేవుడికి, చనిపోయిన పెద్దలకు, ఇంటికొచ్చిన అతిథికి ఇచ్చేది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా ఇంట్లో పెద్దల పేరు మీద అన్నం పెట్టినప్పుడు పక్కన ఒక ఆకు ముక్క పెట్టడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. సముద్రాల అవతల ఎవరో ఆదివాసులు చేసే పనే మా నాయనమ్మ కూడా చేస్తున్నది. ఒకరి గురించి ఒకరికి తెలియదు.

పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో పొగాకు మన తీరానికొచ్చింది. అక్బర్ కొలువుకు 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే ఉద్యోగి తీసుకుపోయి చూపించిండు. అతనికి అది దొరికింది ఎక్కడో కాదు, దక్కన్‌లోనే, బీజాపూర్‌లో. అంటే ఢిల్లీ, ఆగ్రాల కంటే ముందే మన వైపు ఆ ఆకు ఉంది. 1617లో జహంగీర్ పొగ తాగొద్దని హుకుం ఇచ్చిండు. ఎవరు విన్నరు? అదే కాలంలో మచిలీపట్నంలో పనిచేసిన ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాస్తూ ఇక్కడ పండిన పొగాకు ఓడలెక్కి బయటి దేశాలకు పోతున్నదని చెప్పిండు. అంటే 400 ఏళ్ళ కిందటే ఇది తెలుగు నేల పంట అయిపోయింది. మా హాస్టల్ మేడెక్కితే ఒక పక్క గోల్కొండ గుట్ట, ఇంకో పక్క హైటెక్ సిటీ అద్దాల మేడలు కనిపిస్తయి. రెండిటి మధ్య నిలబడి ఈ సంగతి తల్చుకుంటే చిత్రంగా ఉంటది.

ఇంకో చిత్రం. ఇంగ్లీషులో చుట్టని 'చెరూట్' అంటరు. ఆ మాట తమిళంలో 'సురుట్టు' నుంచి పోయింది. మన 'చుట్ట' దానికి చుట్టమే. ఇప్పుడు రాయదుర్గం మెట్రో కింద టీ కొట్టు దగ్గర మెడలో ట్యాగులేసుకున్న అన్నలు 'సుట్టా బ్రేక్' అంటుంటే నేను లోపల నవ్వుకుంటా. మా తాత చుట్ట కాలిస్తే 'అడివోడు', వీళ్ళు సుట్టా కాలిస్తే బ్రేక్.

లెక్కల్లోకి ఎక్కిన పొగాకు, ఎక్కని పొగాకు

మా భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషు వాళ్ళ చేతికి పోయింది. మొదట మధ్య పరగణాల్లో ఉంది, 1874లో మద్రాసు కింద గోదావరి జిల్లాలో కలిపిన్రు. పక్కనే రేకపల్లిలో అప్పటిదాకా పోడుకి గొడ్డలికి నాలుగణాల లెక్కన శిస్తు ఉండేది. మద్రాసు దొరలు దాన్ని మూడింతల దాకా పెంచిన్రు. కొన్ని అడవుల్లో పోడే వద్దన్నరు. రంపలో ఇంటికోసం గీసుకునే కల్లు మీద కూడా పన్ను వేసిన్రు. 1879 రంప పితూరీకి అదొక ముఖ్య కారణం. రేకపల్లి కూడా లేచింది. మనం పితూరీ అంటే విల్లంబులే గుర్తు చేసుకుంటం. కానీ దాని మొదట్లో ఉన్నది ఒక చిన్న మాట: మా ఇంటి అవసరానికి మేము చేసుకునేదాని మీద నీ పెత్తనం ఏంది? పెరటి పొగాకు చరిత్ర కూడా నాకు ఆ మాట దగ్గరే కనిపిస్తది.

అటు పల్లపు ప్రాంతంలో వేరే కథ. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకు పేరు పడ్డది. గుంటూరులో ఐఎల్‌టీడీ కంపెనీ వచ్చి 1920లో వర్జీనియా రకం వేయించింది. సిగరెట్లకు ఆ రకమే కావాలె. దాన్ని బ్యారన్లలో పెట్టి గొట్టాల వేడితో ఆరబెట్టాలె. ఆ వేడికి కట్టెలు కావాలె. ఇటు హైదరాబాద్‌లో వజీర్ సుల్తాన్ పేరు మీద మొదలైన సిగరెట్ వ్యాపారం 1930లో కంపెనీ అయింది. చార్మినార్ సిగరెట్ వాళ్ళదే. ఆజామాబాద్‌లో వాళ్ళ ఫ్యాక్టరీ. 1943లో, యుద్ధ కాలంలో, పొగాకు ఆకు మీద కేంద్ర ఎక్సైజ్ సుంకం వచ్చింది. ఆకు మీద ఆ సుంకం ఎత్తేసింది 1979లో. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు. ఎవరు ఎంత వేయాలె, ఎక్కడ అమ్మాలె, అన్నిటికీ కాగితం వచ్చింది.

ఈ కాగితాల్లో మనవాళ్ళు ఎక్కడున్నరు? ఒక్కచోట ఉన్నరు. తునికాకు దగ్గర. బీడీకి లోపల పొగాకు ఎవరిదైనా పైన చుట్టే ఆకు మన అడవిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 చట్టంతో ఆ వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఎండాకాలంలో మా అమ్మ తెల్లారక ముందే అడివికి పోయి ఆకు కోసి, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని 50 ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో ఎండకు పరుస్తది. నా ఇంటర్ పుస్తకాలు ఆ కట్టలతోనే వచ్చినయి. దేశమంతా తాగే బీడీకి ఆకు కోసినందుకు మన పేరు లెక్కలో ఉంది, కూలి కింద. మనం మనకోసం పెంచుకున్న పొగాకుకు లెక్క లేదు.

మా తాత చెప్పిన ఇంకో సంగతి. గోదారి వరద తీసినాక ఒడ్డున మిగిలే ఒండ్రు నేల పొగాకుకు బంగారం. తాత చిన్నప్పుడు మా వాళ్ళు అక్కడే వేసేటోళ్ళట. తర్వాత పల్లపు నుంచి వచ్చినోళ్ళు అప్పుల కింద, కౌళ్ళ కింద ఆ నేల పట్టి మిర్చి, పొగాకు పెద్ద ఎత్తున వేసిన్రట. మా తాత తన నాయన పొలంలోనే కూలికి పోయి ఆకు కోసిండు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు పోకూడదని 1959లో ఒక రెగ్యులేషన్, 1970లో దాన్ని గట్టి చేస్తూ మనమందరం 1/70 అని పిలిచే చట్టం వచ్చినయి. మా ఒడ్డు భూమి మాత్రం తిరిగి రాలేదు. అట్లా మా పొగాకు గోదారొడ్డు నుంచి గుడిసె వెనక దడిలోకి వచ్చి చేరింది. పెరటి పంట అంటే ముచ్చట కోసం పెంచేది అనుకుంటం గానీ, మా ఇంట్లో అది పోయిన పొలంలో మిగిలిన ముక్క.

చిన్నాయన బకెట్లు

ఇప్పుడు హైదరాబాద్ సంగతి.

మా చిన్నాయన 2019లో ఇక్కడికొచ్చిండు. కొండాపూర్ వైపు కట్టే బిల్డింగులకు వాచ్‌మన్. ఒకటి అయిపోతే ఇంకోటి. వచ్చేటప్పుడు చిన్న టానిక్ సీసాలో పొగాకు గింజలు పోసుకుని తెచ్చుకున్నడు. ఊరి నుంచి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే అంటడు. మేమంతా నవ్వినం, పట్నంలో ఎక్కడ వేస్తవని.

2022 జూలైలో గోదారి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986లో వచ్చిన 75 అడుగుల వరద తర్వాత అంత నీళ్ళు చూడలేదని పెద్దోళ్ళు అన్నరు. మా గుడిసెలో నడుము పైన నీళ్ళు. బియ్యం పోయినయి, నా టెన్త్ మెమో తడిసింది, దూలానికి వేలాడదీసిన సొరబుర్ర కొట్టుకుపోయింది. ఆ బుర్రలోనే మా పొగాకు విత్తనం ఉండేది. తాత నాయన కాలం నుంచి ఏటా తీసి ఏటా దాచిన విత్తనం. మెమో డూప్లికేట్ తెచ్చుకున్నా. విత్తనానికి డూప్లికేట్ ఎక్కడ ఇస్తరు?

అప్పుడు గుర్తొచ్చింది టానిక్ సీసా. పొడిగా ఉంటే పొగాకు గింజ ఏళ్ళ తరబడి చావదు. చిన్నాయన అప్పటికే ఏటా నాలుగైదు మొక్కలు పెంచుతున్నడట, మాకు చెప్పలేదు. ఈసారి పదకొండు పెట్టిండు, గోడలకు పూసే పుట్టీ ఖాళీ బకెట్లలో. అడుగున మేకుతో చిల్లులు పొడిచి, సెల్లార్ తవ్విన ఎర్రమట్టిలో గేదెల కొట్టం నుంచి తెచ్చిన పేడ ఎరువు కలిపి నింపిండు. సెక్యూరిటీ షెడ్డు వెనక, రేకుల గోడ పక్కన వరసగా పెట్టిండు. వెనక ఇరవై అంతస్తుల బిల్డింగ్, ముందు మా పెరడు.

మొక్క పని

మా తాత సంక్రాంతి అయినాక వచ్చిండు. ఆసుపత్రి వాళ్ళు పరీక్షలన్నీ చేసి నాలుక పక్కన క్యాన్సర్ అన్నరు. కొంత నాలుక తీసేయాలె, తర్వాత మాట సరిగా రాకపోవచ్చు అని డాక్టరు మెల్లగా, మంచిగా చెప్పిండు. ఆపరేషన్‌కి తొమ్మిది రోజులు టైముంది. ఆ తొమ్మిది రాత్రులు తాత చిన్నాయన షెడ్డులోనే ఉన్నడు. నేను హాస్టల్లో చెప్పి రోజూ సాయంత్రం పోయి కూర్చున్నా. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, తాతా, పొగాకు ఎట్లా పెంచుతరో మొదటి నుంచి చెప్పు అన్న. 'ఎన్నడూ అడగనోడివి ఇప్పుడు అడుగుతున్నవేందిరా' అన్నడు. ఎందుకు అడుగుతున్ననో ఇద్దరికీ తెలుసు.

ఆయన చెప్పింది, నేను బకెట్లలో చూసింది కలిపి రాస్తున్నా.

పొగాకు గింజ ఆవగింజ కంటే చాలా చిన్నది, దుమ్ములాగా ఉంటది. ఒక్క గ్రాములో పది వేలకు పైనే ఉంటయి. అందుకని ఉత్త చేత్తో చల్లితే ఒకేచోట పడతది. బూడిదలోనో ఇసుకలోనో కలిపి చల్లాలె. భాద్రపదంలో వానలు తగ్గుముఖం పట్టినప్పుడు నారుమడి. మట్టి కప్పొద్దు, పైన పలచగా గడ్డి పరిచి నీళ్ళు చిలకరించాలె. మొలిచినాక గడ్డి తీసేయాలె. నలభై, యాభై రోజులకు నారు జానెడు అవుతది. దసరా దాటినాక పీకి నాటాలె. సాయంత్రం పూట నాటాలె, పొద్దున నాటితే ఎండకు వాలిపోతది.

అక్కడి నుంచి వాన ఉండదు. ఇది వాన తాగి పెరిగే పంట కాదు, మంచు తాగి పెరిగే పంట అంటడు తాత. గోదారి ఒండ్రులో అయితే నేలలో దాగిన తడి చాలు. పెరట్లో అయితే కుండతో మొదట్లో పోయాలె, ఆకుల మీద పోయొద్దు. నీళ్ళు ఎక్కువైతే ఆకు పెద్దగా, పలచగా, చప్పగా వస్తది. మొక్క కొంచెం దప్పికతో ఉంటేనే ఘాటు. ఇది నేను తర్వాత పుస్తకంలో చూసిన, నిజమే. నికోటిన్ తయారయ్యేది వేరులో, అక్కడి నుంచి ఆకులోకి ఎక్కుతది. నీటి ఎద్దడి ఉంటే ఆకులో దాని పాలు పెరుగుతది. మా తాత ఏ పుస్తకం చదవకుండా నాలుకతో కనుక్కున్న సంగతి అది. ఆ నాలుకే ఇప్పుడు…

మొగ్గ కనిపించంగనే తల తుంచాలె. లేకపోతే బలమంతా పువ్వుకు పోతది. తల తుంచితే పక్కల నుంచి పిలకలు వస్తయి, వారానికోసారి వాటిని కూడా గిల్లెయ్యాలె. అప్పుడు ఉన్న పది పన్నెండు ఆకులే మందంగా, జిగురుగా తయారైతయి. ఆ పని చేస్తే చేతులకు నల్లటి జిగురు అంటుకుంటది, సబ్బుకు పోదు. పొద్దున్నే మంచు తడితో ఉన్న ఆకులు ముట్టుకుంటే కడుపులో తిప్పుతది, తల తిరుగుతది. కూలికి పోయిన రోజుల్లో తాతకు వాంతులయ్యేవట. గాలి సోకిందని మంత్రం వేయించేటోళ్ళు. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మంలోకి ఎక్కుతదని, దానికి వైద్యంలో పేరే ఉందని నేను చదివి చెప్తే, 'అయితే దయ్యం ఆకులోనే ఉందన్నమాట' అన్నడు.

విత్తనం కోసం ఒకటి రెండు మొక్కలకు తల తుంచకుండా వదిలేస్తరు. అన్నిటికంటే మంచి మొక్కను వదలాలె, తాగే ఆశతో దాన్ని తుంచేస్తే వచ్చే ఏడు మిగిలేది చెత్త విత్తనమే. ఒక్క మొక్క లక్షకు పైగా గింజలిస్తది. ఊరంతటికీ ఒక్క మొక్క చాలు.

శత్రువులు రెండు. ఒకటి లద్దె పురుగు, రాత్రి పూట ఆకును జల్లెడ చేస్తది, లాంతరు పట్టుకుని ఏరి పారెయ్యాలె. చిన్నాయన ఫోన్ లైటుతో ఏరిండు. రెండోది పొగాకు మల్లె. పేరు మల్లె గానీ దొంగది. దానికి పచ్చటి ఆకు ఉండదు, పొగాకు వేరు మీదే పుట్టి దాని రసం తాగి బతుకుతది. పువ్వు విచ్చక ముందే పీకెయ్యాలె, లేకపోతే దాని గింజ నేలలో ఏళ్ళకేళ్ళు ఉంటది. తాత దాని గురించి చెప్పి ఊరుకోలేదు, 'ఒడ్డు భూమికి వచ్చినోళ్ళు కూడా పువ్వులెక్కనే వచ్చిన్రురా' అన్నడు.

ఆకు పచ్చదనం తగ్గి పసుపు మచ్చలు పడి, వంచితే పటుక్కున విరిగితే కోతకొచ్చినట్టు. కింది ఆకులు ముందు, పైవి తర్వాత. కోసిన ఆకును ఎండలో వెయ్యొద్దు, పచ్చిగానే ఎండిపోతది. ఒకరోజు వాడబెట్టి, కాడల దగ్గర పురికొసతో రెండేసి ఆకులు వీపు వీపు తగిలేట్టు గుచ్చి తోరణాలు కట్టి నీడలో, గాలాడే చోట వేలాడదీయాలె. ఊళ్ళో అయితే చూరు కింద. ఇక్కడ చిన్నాయన మొదటి అంతస్తులో, ఇంకా కిటికీలు పెట్టని గదిలో కట్టిండు. ఎవరో రేపు కోట్లు పెట్టి కొనే ఫ్లాట్ అది. దాంట్లో మొదట కాపురం పెట్టింది మా పొగాకు.

ఒకరోజు ఇంజినీరు సార్ వచ్చి ఇదేందని అడిగిండట. పొగాకు సార్, ఆరబెడుతున్నం అంటే నవ్వి, 'ఓహో, క్యూరింగా' అని పోయిండట. చిన్నాయనకు అర్థం కాలేదు. ఆయనకు క్యూరింగ్ అంటే పొద్దున సాయంత్రం పైపుతో కొత్త గోడలు తడపడమే. పొగాకును ఆరబెట్టడాన్ని కూడా ఇంగ్లీషులో క్యూరింగే అంటరని నేను చెప్పిన. ఒకటి తడిపేది, ఒకటి ఆరబెట్టేది, రెండిటికీ ఒకటే మాటా అని ఆశ్చర్యపోయిండు. 'మన పని అది, వాళ్ళ పని ఇది అనుకున్నా, రెండూ నేనే చేస్తున్న కదా' అన్నడు.

మూడు, నాలుగు వారాలకు ఆకు గోధుమ రంగుకు వస్తది. మధ్యాహ్నం ముట్టుకుంటే పొడి అయితది. తెల్లవారుజామున మంచుకు మెత్తబడతది, దాన్నే పదును అంటరు. ఆ పదునులోనే దింపి, ఒకదాని మీద ఒకటి పేర్చి గోనెపట్టా కప్పి బరువు పెడతరు. అది మండె. లోపల వేడి పుడతది. నాలుగైదు రోజులకోసారి కిందివి పైకి, పైవి కిందికి మార్చాలె. లేకపోతే బూజు పడతది. పచ్చి వాసన పోయి తియ్యటి వాసన వచ్చిన రోజున పని అయిపోయినట్టు. భాద్రపదంలో మొదలుపెడితే హోళీ దాకా, ఆరు నెలల పని.

తొమ్మిదో రాత్రి తర్వాత

ఆపరేషన్ అయింది. తాత బతికిండు. ముందు అదే చెప్పాలె. రేడియేషన్ కూడా అయింది. ఇప్పుడు గంజి, జావ మాత్రమే. మాట వస్తది గానీ మాకే సగం అర్థమైతది.

ఆసుపత్రిలో మా పక్క మంచాల్లో ఉన్నవాళ్ళను చూసిన. ఒకాయన గుట్కా, ఒకామె తంబాకు నమిలేది, ఒకాయన బీడీ. అందరూ మనలాంటోళ్ళే. కూలీలు, ఆటో నడిపేవాళ్ళు, మేస్త్రీలు. డాక్టరు ఏం తాగేవాడివి అని అడిగినప్పుడు తాత చెప్పిన జవాబు నాకు ఇంకా గుర్తుంది. 'బయటిది కాదు బాబూ, మా పెరట్లోదే' అన్నడు. మందు కొట్టనిది, కంపెనీది కానిది, మన చేతితో పెంచింది మనకు చెడు చేయదు అని ఆయన నమ్మకం. నేను కూడా కొంత అట్లాగే నమ్మినోణ్ణే. ఈ గ్రూపులో మనం 'మన తిండి, మన మందు, మన పద్ధతి' అని గర్వంగా రాస్తుంటం, రాయాలె కూడా. కానీ పెరట్లో పెరిగినా, ఫ్యాక్టరీలో తయారైనా పొగాకు పొగాకే. నికోటిన్ రెండిట్లోనూ ఉంది, క్యాన్సర్ తెచ్చే పదార్థాలు రెండిట్లోనూ ఉన్నయి. మనది అనే ప్రేమ దాన్ని మార్చదు. మన చరిత్ర రాసేటప్పుడు ఇది దాస్తే నేను కూడా మా పెరటిని పుస్తకంలో రాయనివాళ్ళ లాంటోణ్ణే అవుతా.

అట్లని తాత అరవై ఏళ్ళ పనిని తప్పు అని ఒక్క మాటలో కొట్టేయడానికి కూడా నాకు మనసొప్పదు. కూలి నుంచి వచ్చి ఆకలి చంపుకోవడానికి తాగిన రోజులు ఆయనకున్నయి. దోమలకు, చలికి తాగిన రాత్రులున్నయి. ఇంటికొచ్చినోడికి పెట్టడానికి ఇంకేమీ లేనప్పుడు ఆకు పెట్టి కూర్చోమన్న రోజులున్నయి. ఆ పద్ధతిలో ఎంత తెలివి ఉందో పైన రాసిన.

మార్చిలో మండె విప్పే రోజు తాతను షెడ్డు దగ్గరికి తీసుకుపోయినం. చిన్నాయన ఒక ఆకు తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టిండు. కళ్ళు మూసుకుని వాసన చూసి, తల ఊపిండు, అయిందని. తర్వాత విత్తనానికి వదిలిన మొక్క కాయలు ఎండినయి కదా, వాటిని అరచేతిలో నలిపి, పొట్టు ఊదేసి, గింజలు నా దోసిట్లో పోసిండు. నా చెయ్యి మూసిండు. తన మూతి దగ్గర కుట్లు చూపించి చెయ్యి అడ్డంగా ఊపిండు. చిన్నాయన దాన్ని 'నాకిక వద్దు, మీరు వేసుకోండి' అని అర్థం చేసుకున్నడు. నేను 'దాచు, కానీ నోట్లో పెట్టకు' అని అర్థం చేసుకున్నా. ఏది నిజమో తాతను మళ్ళీ అడగలేదు.

నేను అనుకున్నది మాత్రం ఇది. ఏటా రెండే మొక్కలు వేస్తం, విత్తనం కోసం. తల తుంచం. ఆకును చుట్టకు ఇవ్వం. మన వైపు సేద్యంలో లద్దె పురుగుకు, పేనుకు పొగాకు కషాయం కొట్టడం ఉంది. గోమూత్రం, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకుతో చేసే అగ్నిఅస్త్రంలో కూడా పొగాకు పడతది. ఆకు అక్కడికి పోవాలె. అది కూడా విషమే, చేతులకు కవరు, మూతికి గుడ్డ కట్టుకునే కొట్టాలె. చిన్నాయన ఈ ఏడు ఆకు మొత్తం ఇవ్వలేదు, సగం ఇచ్చిండు. మిగతా సగం ఏం చేసిండో నాకు తెలుసు. ఆయనతో మాట్లాడుతున్నా. నెలకోసారి నోరు తెరిపించి చూస్తున్నా, తెల్ల మచ్చలేమన్నా ఉన్నయా అని. మీ ఇళ్ళల్లో కూడా చూడండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఉంటే ఆకుమందు వేసుకుంటూ కూర్చోవద్దు. మా తాత ఏడాది కూర్చున్నడు.

ప్రాజెక్టు ఇచ్చిన. మేడం ఒక ప్రశ్న అడిగారు: నీ ఆధారాలు ఏవి అని. మా తాత గొంతు ఉన్న రికార్డింగులు అని రాసిన, తొమ్మిది రాత్రులవి. ఆయన మాట మునుపటిలా ఉన్న చివరి రాత్రులు అవి. ఇప్పుడు నా ఫోన్లో ఒకటి, మెమరీ కార్డులో ఒకటి, మా చెల్లె ఫోన్లో ఒకటి దాచిన. ఈసారి గోదారి వచ్చినా పోదు.

మిత్రులకు ఒక్క విన్నపం. మీ గూడెంలో, మీ తండాలో, మీ గుంపులో పెరటి పొగాకు ఎట్లా పెంచేటోళ్ళు, ఏ నెలలో నాటేటోళ్ళు, మీ భాషలో దాన్ని ఏమంటరు, ఏ ఆకులో చుట్టేటోళ్ళు, పెద్దల పేరు మీద పెట్టేటోళ్ళా లేదా, అడిగి కింద రాయండి. పొగాకే కానక్కర్లేదు. కొర్రలు, ఇప్పపువ్వు, దోసగింజ, ఏదైనా సరే. రేపు కాదు, ఈ ఆదివారమే ఫోన్ చేసి అడగండి.

జోహార్.